మంత్రవిద్యను ఆచరించే ఆధునిక ప్రకృతి ఆరాధన మతం విక్కాను ఉన్నదున్నట్టు చూపిన నవల ఏదైనా ఉందా?

1996 నాటి 'ది క్రాఫ్ట్' సినిమాకు నిజమైన విక్కన్ ఒకరు సలహాదారుగా పనిచేశారు. అందులో మంత్రాలు వేసే అమ్మాయిలు కొలిచే మానన్ మాత్రం కల్పిత దేవుడు. ఆ కాస్త జాగ్రత్త కూడా తర్వాత నేను చూసిన సీరియళ్లలో లేదు. వేలు ఆడిస్తే మంటలు, లేదంటే సైతాను పూజ. విక్కాలో అసలు సైతానే లేడు!

విక్కాను లోకానికి పరిచయం చేసిన జెరాల్డ్ గార్డ్‌నర్ కూడా ముందు 1949లో నవల రాసి, బ్రిటన్‌లో మంత్రవిద్య చట్టం 1951లో రద్దయ్యాక, 1954లో అసలు సంగతి పుస్తకంగా తెచ్చాడు.

పౌర్ణమి రాత్రి వలయం గీసి, నాలుగు దిక్కులనూ ఆహ్వానించి, చివర కేకులు, వైన్ పంచుకునే తంతును ఓపిగ్గా వర్ణించిన నవల మీకేదైనా తెలుసా? టీనేజీ పిల్లల ప్రేమకథలు వద్దు, చదివి విసిగిపోయాను. మంత్రం ఫలించిందో లేదో తేల్చకుండా వదిలేసిన రచన అయితే మరీ మంచిది.