ఇంటర్ కుర్రాడికి గంజాయి అలవాటు: ఇంట్లోవాళ్లు ముందు ఏం చేయాలి?

ప్రశ్న: 17 ఏళ్ల అబ్బాయి గంజాయి తాగుతున్నాడని ఇంట్లో తెలిసింది. గదిలో పెట్టి తాళం వేస్తే మానేస్తాడా? ఆస్పత్రికి తీసుకెళ్తే పోలీసు కేసవుతుందా?

జవాబు 1: తాళం వద్దండి. మానేసిన ఒకటి రెండు రోజుల్లో చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం మొదలవుతాయి. మొదటి వారమే గడ్డుకాలం. చాలామందికి రెండు వారాల్లో తగ్గుతుంది. దాన్ని పొగరనుకుని కొడితే మళ్లీ గంజాయి తాగే స్నేహితుల దగ్గరికే పోతాడు. మత్తులో ఉండగా నిలదీయకండి, మర్నాడు మాట్లాడండి.

జవాబు 2: కేసు భయంతో ఆగొద్దు. ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నిరోధక) చట్టం 64ఏ సెక్షన్ ప్రకారం, వాడేవాళ్లు తమంతట తాము ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వెళ్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేసి దగ్గర్లోని చికిత్స కేంద్రం ఎక్కడో అడగండి.

జవాబు 3: మూత్రపరీక్ష చాటుగా చేయించకండి. రోజూ తాగినవాళ్లకు మానేశాక మూడు నాలుగు వారాలైనా పాజిటివ్ రావచ్చు. నిజంగా మానేసిన పిల్లాణ్ణి అబద్ధాలకోరు అన్నట్టవుతుంది. ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తున్నాయన్నా, చచ్చిపోతానన్నా ఆ రోజే సైకియాట్రిస్టుకి చూపించండి.