బర్మింగ్‌హామ్ పిల్లలు: కింగ్ చేసింది అహింసేనా?

పాతపంతులు:
మార్టిన్ లూథర్ కింగ్‌ని "అమెరికా గాంధీ" అనేసి చేతులు దులుపుకుంటాం. నాకు ఎప్పట్నుంచో ఒక ముల్లు గుచ్చుకుంటూ ఉంది. 1963 మే 2న అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో నల్లవాళ్ళని తెల్లవాళ్ళతో కలవనివ్వని వేరుపాటు పద్ధతిని ఎదిరిస్తూ వెయ్యిమందికి పైగా నల్లజాతి పిల్లలు బడి ఎగ్గొట్టి, పదహారో వీధి బాప్టిస్టు చర్చి నుంచి జట్లుజట్లుగా ఊరేగింపు కట్టారు. వందలమందిని అరెస్టు చేశారు. మర్నాడు మళ్ళీ వచ్చారు. బుల్ కానర్ అనే కమిషనర్ వాళ్ళ మీదికి ఫైరింజన్ గొట్టాలు తిప్పించాడు, పోలీసు కుక్కల్ని ఉసిగొల్పించాడు. నా ప్రశ్న ఒక్కటే. తాను దెబ్బ తిని ఎదుటివాడి మనసు మార్చడం అహింస, ఒప్పుకుంటా. ఊళ్ళోవాళ్ళ పిల్లల్ని దెబ్బకి నిలబెట్టడం కూడా అహింసేనా? 34 ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, అడిగే హక్కుందనుకుంటా.

రేపల్లెరాజు:
మాస్టారూ, మొదట్లోనే తప్పు. పిల్లల ఆలోచన కింగ్‌ది కాదు, ఆయనతో పనిచేసే జేమ్స్ బెవెల్‌ది. అప్పటికి అతనికి 26 ఏళ్ళు. కింగ్ తటపటాయించాడు. శీర్షిక మార్చండి.

గోళీసోడా:
కింగ్ అహింసని ఒప్పుకోని నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ కూడా అప్పుడే తిట్టాడు, మగాడన్నవాడు పిల్లల్ని ముందు నిలబెట్టడని. పంతులుగారితో నేనూ ఏకీభవిస్తున్నా.

అట్లాంటాలక్ష్మి:
పిల్లలే ఎందుకు రావాల్సి వచ్చిందో ఎవరూ చెప్పట్లేదు. ఏప్రిల్ అంతా పెద్దవాళ్ళనే పిలిచారు. 12న, గుడ్ ఫ్రైడే నాడు, కింగే జైలుకెళ్ళాడు. "బర్మింగ్‌హామ్ జైలు నుంచి ఉత్తరం" అని ప్రసిద్ధమైంది రాసింది అక్కణ్ణించే. అయినా జనం రాలేదు. ఎలా వస్తారు? అరెస్టయితే మర్నాడు ఉద్యోగం ఊడుతుంది, అద్దె ఇల్లు ఖాళీ చెయ్యమంటారు. పిల్లలకి ఊడడానికి ఉద్యోగం లేదు. బెవెల్ లెక్క అదే. ఊరికే తోలెయ్యలేదు కూడా. కొడితే తిరిగి కొట్టకూడదని ముందే శిక్షణ ఇచ్చారు. జైళ్ళు నిండిపోయి జాతర మైదానంలో కూడా పెట్టారు పిల్లల్ని. మే 10కల్లా వ్యాపారులు ఒప్పందానికి దిగొచ్చారు: హోటల్ కౌంటర్లు, దుస్తులు మార్చుకునే గదులు, మంచినీళ్ళ కుళాయిలు అందరికీ. మరుసటేడు జులైలో పౌరహక్కుల చట్టం. ఆ ఊపులోనే 1965లో వలస చట్టం మారింది, లేకపోతే నేను ఈ ఊళ్ళో కూర్చుని మీకు జవాబు రాసేదాన్నే కాదు.

పాతపంతులు:
అమ్మా, పిల్లలకి ఊడడానికి ఉద్యోగం లేదు అన్నారు చూడండి, నన్ను భయపెట్టేది ఆ లెక్కే. 1972లో జై ఆంధ్ర రోజులు. మా తమ్ముడు తొమ్మిదో తరగతి. ఊరి నాయకుడొకాయన బడి గంట కొట్టించి పిల్లల్ని లారీ ఎక్కించాడు. లాఠీ దెబ్బకి వాడి మోకాలు పోయింది. ఇప్పటికీ మెట్లెక్కాలంటే గోడ పట్టుకుంటాడు. ఆ నాయకుడు పెద్ద పదవులే చేశాడు. ఒక్కసారి, ఒక్కసారైనా మా గుమ్మం తొక్కలేదు.

రేపల్లెరాజు:
తమ్ముడి విషయం బాధాకరం. కానీ బెవెల్ అని ఒప్పుకున్నారా లేదా? ఇంకోటి. కుక్క కుర్రాడి మీదికి ఎగబడుతున్న ఫొటో ఉంది కదా, ప్రపంచమంతా చూసింది. ఆ కుర్రాడు ఊరేగింపులో మనిషే కాదు, చూడ్డానికి వచ్చినవాడు.

గోళీసోడా:
కుక్కకి ఆ సంగతి తెలియదు కదా రాజుగారూ.

పల్లెచివర:
మాస్టారి మాటలో నాకు నచ్చనిది ఒక్కటే. పిల్లలు ఇంట్లో ఉంటే క్షేమం అనుకుంటున్నారు. ఎవరి పిల్లలు? అదే పదహారో వీధి చర్చిలో, అదే ఏడాది సెప్టెంబరు 15న బాంబు పేలింది. నలుగురు ఆడపిల్లలు పోయారు, ముగ్గురికి 14, ఒకరికి 11. వాళ్ళు ఆ రోజు ఏ ఊరేగింపులోనూ లేరు. ఆదివారం ప్రార్థనకి తయారవుతున్నారు.

పాతపంతులు:
ఉద్యమం అక్కడ లేకపోతే బాంబు అక్కడ పేలేదా?

పల్లెచివర:
ఆ ఊరికి "బాంబింగ్‌హామ్" అని పేరు పడింది అంతకు ఎన్నో ఏళ్ళ ముందే. ఫ్రెడ్ షటిల్స్‌వర్త్ అనే పాస్టరు ఇంటిని 1956 క్రిస్మస్ రాత్రి పేల్చేశారు. మరుసటేడు సొంత కూతుళ్ళని తెల్లవాళ్ళ బడిలో చేర్చబోతే గొలుసులతో చావగొట్టారు. బడిలో చేర్చడానికండీ మాస్టారూ, ఊరేగింపుకి కాదు.
నా సంగతీ చెప్తా. నేను మూడో తరగతిలో ఉండగా బడి కుండ ముట్టుకోనిచ్చేవారు కాదు. దోసిలి పట్టాలి, పైనుంచి పోస్తారు. చొక్కా తడిస్తే నవ్వుతారు. పోసినవాడు పిల్లాడే, ఊరుకున్నవాడు పంతులు. 1959లో కింగ్ మన దేశం వచ్చినప్పుడు కేరళలో ఒక బడిలో ఆయన్ని "అమెరికా నుంచి వచ్చిన మన తోటి అంటరానివాడు" అని పరిచయం చేశారు. మొదట మనసు చివుక్కుమందట, తర్వాత నిజమే కదా అనుకున్నాడట. మీకు అర్థం కానిది అదే.

పాతపంతులు:
నాకు అర్థం కాదా? నువ్వెవరయ్యా నాకు చెప్పడానికి? నా బడిలో కుండ ఒక్కటే ఉండేది, గ్లాసూ ఒక్కటే. ఎవడో పంతులు చేసిన దానికి నన్ను బోనెక్కిస్తావా?

పల్లెచివర:
నువ్వు అనడం కూడా మొదలైందా. మంచిది.

నిర్వాహకుడు:
ఇద్దరూ ఆగండి. "మీరు" అనే మాట్లాడుకుందాం. ఇంకోసారి అయితే ఈ చర్చకి తాళం వేస్తా.

పాతపంతులు:
నోరు జారింది, మన్నించండి. సూటిగానే అడుగుతా. కింగ్ తన పిల్లల్ని పంపాడా? పెద్ద కూతురు యొలాండాకి అప్పుడు ఏడేళ్ళు, అట్లాంటాలో ఉంది. మీ పిల్లలకేం కాదు, జైలుకెళ్తామంటే ఆపకండి అని బర్మింగ్‌హామ్ తల్లిదండ్రులకి చెప్పింది మాత్రం ఆయనే. అది బెవెల్ కాదు రాజుగారూ.

అట్లాంటాలక్ష్మి:
యొలాండా పేరు మీరే తెచ్చారు కాబట్టి చెప్తున్నా. 1956 జనవరి 30న మాంట్‌గమరీలో కింగ్ ఇంటి వరండా మీద బాంబు పడింది. ఆయన సభలో ఉన్నాడు. ఇంట్లో భార్యా, రెండున్నర నెలల యొలాండా. బయట జనం ఆయుధాలతో మూగితే, వాళ్ళని శాంతంగా ఇళ్ళకి పంపింది ఆయనే. ఆ పిల్లని ఎవరూ ఊరేగింపుకి పంపనక్కర్లేకపోయింది, పుట్టడంతోనే అందులో ఉంది. జైలు ఉత్తరంలో కూడా ఉంది చూడండి, టీవీలో ఫన్‌టౌన్ అనే వినోదాల పార్కు ప్రకటన చూసి తీసుకెళ్ళమన్న ఆరేళ్ళ కూతురికి నల్లవాళ్ళని రానివ్వరని ఎలా చెప్పాలో తెలియక నాలుక మెలిపడిందని.

పల్లెచివర:
నేను చెప్పబోయింది లక్ష్మిగారు చెప్పేశారు. మాస్టారూ, మీ కోపం కింగ్ మీద కాదేమో. గుమ్మం తొక్కనివాడి మీద.

పాతపంతులు:
కావచ్చు. కింగ్ 39 ఏళ్ళకే తూటాకి పోయాడు, పదవులకి పోలేదు. ఆ తేడా నాకు తెలుసు. అయినా తొమ్మిదేళ్ళ పిల్ల వారంపాటు జైల్లో ఉందని చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అది ఒప్పు అని నాచేత అనిపించలేరు.

పల్లెచివర:
ఒప్పు అని నేనూ అనలేదు. ఆ పిల్లకి వేరే ఏ దారి ఉందో చెప్పమన్నా.

పాతపంతులు:
(రెండు రోజుల తర్వాత) రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి ఇదంతా చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "నన్నెవరూ ఎక్కించలేదురా అన్నయ్యా. లారీ కదిలిపోతుంటే పరిగెత్తి నేనే ఎక్కాను. నాన్న కొడతాడని అలా చెప్పాను." యాభై ఏళ్ళు దాచాడు వెధవ. కానీ లారీ పెట్టించింది ఆయనే కదా.

రేపల్లెరాజు:
ఫొటో విషయం ఇంకా తేలలేదు.