పాత బాకీ ఉండగా కొత్త పొదుపు ఖాతా: ఏ బ్యాంకులో తెరవాలి?

ప్రశ్న

పెద్దలకు నమస్కారం. గుంటూరులో నేను నడిపిన రెడీమేడ్ బట్టల దుకాణం 2020 లాక్‌డౌన్ తరువాత కోలుకోలేదు. ఒక ప్రైవేటు బ్యాంకులో తీసుకున్న వ్యక్తిగత రుణానికీ, అదే బ్యాంకు క్రెడిట్ కార్డుకూ 2021 నుంచి చెల్లింపులు ఆగిపోయాయి. ఈఎంఐలు కట్టిన పొదుపు ఖాతా, మినిమమ్ బ్యాలెన్స్ లేనందుకు వేసిన రుసుములతోనూ, ఈఎంఐ తిరిగిపోయినప్పుడల్లా పడిన ఛార్జీలతోనూ ఇప్పుడు మైనస్ చూపిస్తోంది. ఇన్నాళ్లూ ఇంటి లావాదేవీలన్నీ మా ఆవిడ ఖాతాలోనే జరిగాయి.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక గోదాములో సూపర్‌వైజరుగా ఉద్యోగం వచ్చింది. జీతం ఖాతా కోసం కంపెనీ వారు చెప్పిన బ్యాంకు సరిగ్గా నేను బాకీ ఉన్న బ్యాంకే. సిబిల్ (అప్పులు తీర్చిన తీరు చూపే రికార్డు) చెడిపోయినవారి పేరు బ్లాక్‌లిస్టులో ఉంటుందనీ, ఏ బ్యాంకూ ఖాతా ఇవ్వదనీ బంధువు ఒకరు అంటున్నారు. అది నిజమేనా? ఖాతా ఇచ్చినా, జీతం పడగానే పాత బాకీ కింద జమ కట్టుకుంటారా?

సమాధానం: విశ్రాంత బ్యాంకు మేనేజరు

మీ బంధువు చెప్పినది అప్పు విషయంలో కొంతవరకు నిజం. పొదుపు ఖాతా విషయంలో కాదు. సిబిల్ నివేదికను బ్యాంకు చూసేది మీకు డబ్బు ఇచ్చేటప్పుడు. పొదుపు ఖాతాలో డబ్బు ఇచ్చేది మీరు, కాబట్టి అక్కడ బ్యాంకు అడగవలసినది కేవైసీ మాత్రమే: ఆధార్, పాన్, ఫొటో, చిరునామా. అన్ని బ్యాంకులకూ కలిపి పొదుపు ఖాతాదారుల బ్లాక్‌లిస్టు అంటూ మన దేశంలో ఏదీ లేదు.

మీరు అసలు ఆలోచించవలసినది ఏ బ్యాంకు అన్న సంగతి. బాకీ ఉన్న బ్యాంకు కౌంటరులో మీ పాన్ సంఖ్య కొట్టగానే పాత కస్టమర్ ఐడీ తెర మీదకు వస్తుంది. కొత్త ఖాతాను కూడా ఆ ఐడీ కిందనే తెరుస్తారు, పక్కనే ఎన్‌పీఏ (మొండిబాకీ) రుణం కనిపిస్తూ ఉంటుంది. ఒకే వ్యక్తి తనకు చెల్లించవలసిన బాకీని, తన దగ్గరే ఉన్న అతని డిపాజిట్‌తో సర్దుబాటు చేసుకునే హక్కు బ్యాంకుకు ఉంది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 171వ సెక్షను బ్యాంకులకు ఇచ్చిన లీన్ హక్కు, అంటే బాకీ తీరేదాకా మీ సొమ్మును పట్టి ఉంచే హక్కు, ఒకటి, రుణపత్రంలో మీరు సంతకం చేసిన షరతు ఇంకొకటి. అందువల్ల జీతం పడిన రోజునే లీన్ పెట్టినా ఆశ్చర్యపోనక్కరలేదు. ఈ హక్కు వేరే బ్యాంకులో ఉన్న మీ డబ్బు మీద చెల్లదు. అక్కడ చేయి వేయాలంటే కోర్టుకు వెళ్లి ఉత్తర్వు తెచ్చుకోవలసిందే.

కాబట్టి ఏ అప్పూ లేని మరో బ్యాంకుకు వెళ్లండి. మినిమమ్ బ్యాలెన్స్ భయం ఉంటే బేసిక్ సేవింగ్స్ ఖాతా కావాలని ఆ పేరుతోనే అడగండి, లేకుంటే కౌంటరులో మామూలు ఖాతా ఫారమే చేతికిస్తారు. 2012లో రిజర్వు బ్యాంకు తెచ్చిన ఈ ఖాతాకు కనీస నిల్వ లేదు, ఏటీఎం కార్డుకు రుసుము లేదు, నెలకు కనీసం 4 సార్లు ఉచితంగా డబ్బు తీసుకోవచ్చు. అదే బ్యాంకులో మీకు ఇంకొక పొదుపు ఖాతా మాత్రం ఉండకూడదు. పోస్టాఫీసు పొదుపు ఖాతా కూడా 500 రూపాయలతో వస్తుంది. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు వంటివాటికి అప్పులిచ్చే అనుమతే లేదు. అయితే వాటిలో రోజు ముగిసేసరికి 2 లక్షలకు మించి నిల్వ ఉండకూడదు, మీ జీతానికి అది అడ్డు కాదనుకుంటాను.

సమాధానం: జీతాల విభాగంలో పనిచేస్తున్నాను

కంపెనీ వారు ఒక బ్యాంకు పేరు చెప్పడం చాలా వరకు వారి సౌకర్యం కోసమే. బయటి బ్యాంకు ఖాతాలకు మేము ప్రతి నెలా నెఫ్ట్‌లో జీతాలు పంపుతూనే ఉంటాము. మీ పేరు ముద్రించిన చెక్కు మీద రెండు అడ్డగీతలు గీసి, రద్దు అని రాసి, దానితో పాటు పాసుపుస్తకం మొదటి పేజీ ప్రతిని జతచేసి హెచ్‌ఆర్‌కు ఇవ్వండి. ‘నాకు ఇప్పటికే వేరే బ్యాంకులో ఖాతా ఉంది’ అన్న ఒక్క మాట చాలు. పాత అప్పుల కథ అక్కడ విప్పవలసిన అవసరం లేదు. అందుకే చేరే తేదీకి ముందే ఖాతా తెరిచి ఉంచుకోండి.

సమాధానం: ప్రకాశం జిల్లా నుంచి

ఒక సంగతి ఎవరూ చెప్పలేదు. ప్రభుత్వ పథకాల డబ్బు ఆధార్ ఆధారంగా వచ్చేటప్పుడు, మనం చివరిగా ఏ బ్యాంకు ఖాతాను ఎన్‌పీసీఐలో (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) ఆధార్‌తో మ్యాప్ చేశామో అక్కడికే వెళుతుంది. మా ఊళ్లో డ్వాక్రా గ్రూపు అప్పు మొండిపడితే సభ్యుల సొంత ఖాతాలను కూడా హోల్డులో పెట్టారు. ఉపాధి హామీ కూలీ, పీఎం కిసాన్ 2,000 రూపాయల విడత ఆ ఖాతాల్లోనే పడి ఇరుక్కుపోయాయి. కొత్త ఖాతా తెరిచినా ఆ డబ్బు దానంతట అది మారదు. కొత్త బ్యాంకులో, ఖాతాను ఆధార్‌కు ముడిపెట్టే ఆధార్ సీడింగ్ ఫారం విడిగా ఇచ్చి, మ్యాపింగ్ మారిందో లేదో ఆధార్ వెబ్‌సైటులో చూసుకోవాలి. గ్యాస్ రాయితీ కూడా ఇదే దారిలో వస్తుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. పాత ఖాతాలోని మైనస్‌ను అలాగే వదిలేయవచ్చా? ఈ మధ్య ఎవరో ఫోను చేసి, సగం కడితే సెటిల్‌మెంటు చేస్తామంటున్నారు.

సమాధానం: విశ్రాంత బ్యాంకు మేనేజరు

ఆ మైనస్‌ను రెండుగా విడదీసి చూడాలి. కనీస నిల్వ లేదన్న అపరాధ రుసుము ఒక్కదాని వల్లనే పొదుపు ఖాతా మైనస్‌లోకి వెళ్లకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశం 2015 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఈఎంఐ తిరిగిపోయిన ఛార్జీల సంగతి వేరు. స్టేట్‌మెంటు తీసుకుని, మొదటి రకం రుసుములను తీసివేయమని రాతపూర్వకంగా అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

సెటిల్‌మెంటు ఫోనును నమ్మి పైసా కూడా పంపవద్దు. మొండిబాకీలను బ్యాంకులు ఆస్తుల పునర్నిర్మాణ కంపెనీలకు అమ్మేస్తుంటాయి; మీ రుణం ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో ముందు బ్యాంకు నుంచే రాతలో తెప్పించుకోండి. అమ్మేసి ఉంటే, బాకీ ఏమీ లేదని చెప్పే నో డ్యూస్ పత్రం ఇవ్వవలసినది ఆ కంపెనీ, బ్యాంకు కాదు. కట్టవలసిన మొత్తం, గడువు తేదీ, రుణం సంఖ్య ఉన్న సెటిల్‌మెంటు లేఖ చేతికి వచ్చాకే, అందులో రాసిన ఖాతాకే చెల్లించండి. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తరువాత ఫోను చేయరాదన్న నియమం కూడా గుర్తుంచుకోండి.

సగం కట్టి ముగిస్తే సిబిల్‌లో ‘సెటిల్డ్’ అని పడుతుంది, పూర్తిగా కడితే ‘క్లోజ్డ్’ అని. రేపు ఇంటి రుణం అడిగేటప్పుడు ఈ తేడా బయటపడుతుంది. నా సలహా అడిగితే, స్థిరంగా జీతం వస్తున్న మనిషి తొందరపడి సగానికి ఒప్పుకోవడం కన్నా, వడ్డీ, జరిమానా తగ్గించమని బేరమాడి అసలు మొత్తాన్ని పూర్తిగా కట్టడమే మేలు. చెల్లించాక నివేదిక మారకపోతే సిబిల్‌కు, రుణదాతకు ఫిర్యాదు చేయండి. 30 రోజులు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి ఉంది. సిబిల్ పూర్తి నివేదిక ఏడాదికి ఒకసారి ఉచితమే.

ఇంకొక మాట. మళ్లీ దుకాణం పెట్టి కరెంట్ ఖాతా అడిగినప్పుడు ఇంత సులువుగా ఉండదు. ఆ ఫారంలో ఇతర బ్యాంకుల్లోని అప్పుల వివరాలు అడుగుతారు, క్రెడిట్ నివేదిక కూడా చూస్తారు. పొదుపు ఖాతాకు మాత్రం రేపు ఉదయమే వెళ్లవచ్చు.