ఒట్టోమన్ కాలపు సన్న రేకుల తులిప్‌లు ఇప్పుడు ఎక్కడైనా పూస్తున్నాయా?

ఏప్రిల్ చివర్లో నెదర్లాండ్స్ వెళ్తున్నామండీ. క్యోకెన్‌హాఫ్ తోట ఎలాగూ చూస్తాం, అడిగేది దాని గురించి కాదు.

ఇస్తాంబుల్‌లోని రుస్తెం పాషా మసీదులో, ఇజ్నిక్ ఊళ్లో చేసిన గోడ పలకల మీద తులిప్ రేకులు బాకుల్లా సన్నగా, కొసదేరి ఉంటాయి. మూడో అహ్మద్ సుల్తాన్ కాలంలో, 1718-30 మధ్య, అక్కడివాళ్లు మెచ్చిన రూపం కూడా అదే. ఇప్పుడు బజార్లో దొరికేవన్నీ గుండ్రటి గిన్నెలే! నాకైతే పాతవే అందం.

అసలు ఈ పువ్వు పుట్టిల్లు మధ్య ఆసియా కొండలు. 1593లో వృక్షశాస్త్రవేత్త క్లూసియస్ నెదర్లాండ్స్‌లోని లైడెన్ తోటలో దుంపలు నాటాడు. అక్కడ జనం వెర్రిగా పెంచేసిన తులిప్ దుంపల ధరలు 1637 ఫిబ్రవరిలో కుప్పకూలిన సంగతి అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. అప్పట్లో జనం ఎగబడి కొన్న చారల పువ్వులకు ఆ చారలు వచ్చింది పేనుబంక మోసుకొచ్చే వైరస్ వల్లనట.

నెదర్లాండ్స్‌లోనే లిమ్మెన్ ఊళ్లో ఉన్న హోర్టుస్ బుల్బోరుమ్ తోటలో పాత రకాలు కాపాడుతున్నారు కదా, అక్కడికి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆ సన్న రేకులవి, చారలవి నిజంగా కనిపిస్తాయా? ఏప్రిల్ చివరికి పూలు రాలిపోతాయా? ఆమ్‌స్టర్‌డామ్ నుంచి బస్సులో పెద్దవాళ్లతో వెళ్లిరావడం తేలికేనా? తుర్కియేలో ఇంకా మంచి తోట ఉంటే అదీ చెప్పండి, వచ్చే ఏడాదికి చూసుకుంటాం.