గమ్ ప్రింట్: మూడో పూతకి తెల్లభాగాల్లో నీలం ఉండిపోతోంది

చీకటిగది: గమ్ ప్రింట్ వేస్తున్నాను (గమ్ అంటే బంక, రంగు అంటే పిగ్మెంట్, కాంతికి స్పందించే డైక్రోమేట్ కలిపి కాగితానికి పూసి, వెలుతురు చూపించి, గట్టిపడని భాగాన్ని కడిగేసే ఫోటో ముద్రణ). 300 జీఎస్ఎం కాటన్ కాగితం. సైజింగ్‌కి (రంగు పీచులోకి దిగకుండా ముందుగా వేసే పొర) 3 శాతం జెలటిన్ రెండు పూతలు, గ్లయాక్సాల్ అనే రసాయనంతో గట్టిపరిచింది. థాలో బ్లూ (ఒక నీలం పిగ్మెంట్) మొదటి పూత శుభ్రంగా కడిగిపోతోంది, మూడోదానికి ఆకాశమంతా నీలం. గంట నానబెట్టినా వదలట్లేదు. మళ్లీ సైజింగ్ చేయాలా?

తుమ్మబంక: ముందు మరక ఏ రకమో తేల్చుకోండి. అదే కాగితం మీద రెండు ముక్కలకి గమ్, పిగ్మెంట్, డైక్రోమేట్ కలిపిన పూతే వేయండి. రెంటికీ వెలుతురు తగలకూడదు. ఒకటి ఆరగానే కడగండి, రెండోది మీరు మామూలుగా ఆపేంతసేపు చీకట్లో ఉంచి కడగండి. మొదటిదానికి కూడా రంగు పడితే పిగ్మెంట్ పీచులోకి దిగినట్టు. రెండోదానికే పడితే చీకట్లోనే గమ్ గట్టిపడింది, సైజింగ్‌ది తప్పు కాదు. డైక్రోమేట్ లేకుండా గమ్, రంగు మాత్రమే పూసి చూసే పరీక్షని నమ్మకండి, అసలు పూత అలా ప్రవర్తించదు.

సాగరతీరం: తేమ ఎక్కువున్న ఊళ్లలో ఈ రెండోదే ఎక్కువ. వేడి డ్రయ్యర్ వాడొద్దు. ఫ్యాన్ గాలికి ఆరబెట్టి వెంటనే వెలుతురుకి ఎక్స్‌పోజ్ చేయండి.

నీలిమందు: థాలో చాలా ఘాటు రంగు. 10 మి.లీ. గమ్‌కి అర గ్రాము ట్యూబ్ రంగుతో మొదలుపెట్టండి, చాలకపోతే ఇంకో పూత వేసుకోవచ్చు. లాంప్ బ్లాక్ (మసి నలుపు)తోనూ ఇదే జాగ్రత్త.

తుమ్మబంక: మూడో పూతకే వస్తోందంటే నా అనుమానం గ్లయాక్సాల్ మీద. తడి కాగితాన్ని వేలితో రుద్దండి. జారుడుగా ఉంటే జెలటిన్ గట్టిపడలేదు, ప్రతి కడుగుకీ కొంత పోతోంది. లీటరు నీళ్లకి 40 శాతం గ్లయాక్సాల్ 15 మి.లీ., చిటికెడు వంటసోడా కలిపి కాగితాన్ని 5 నిమిషాలు ముంచండి. క్షారం ఉంటేనే బాగా పట్టుకుంటుంది. తర్వాత చల్లటి నీళ్లలో బాగా కడగాలి, లేకపోతే కొన్నాళ్లకి కాగితం పసుపెక్కుతుంది. చేతులకి గ్లవ్స్, గదిలో గాలి తప్పనిసరి. అలాగని జెలటిన్ మందంగా పూయకండి, గమ్‌కి పట్టు దొరక్క పొరలు పొరలుగా లేస్తుంది.

చీకటిగది: రుద్దితే జారుతోంది. వంటసోడా వేయలేదు. లేత గోధుమరంగు ఛాయ కూడా ఉంది, అదీ ఇదేనా?

నీలిమందు: కాదండీ, అది డైక్రోమేట్ మరక. 1 శాతం పొటాషియం మెటాబైసల్ఫైట్‌లో 5 నిమిషాలు ఉంచి కడిగితే పోతుంది. నీలం మాత్రం దానికి కదలదు.