జనవరిలో హీట్ పంపు బిల్లు: ప్యానెళ్ళు పెంచాలా, నీటి వేడి తగ్గించాలా?

డాన్యూబ్ ఒడ్డు (ఉల్మ్, జర్మనీ):
అందరికీ నమస్కారం. మాది ఉల్మ్ పక్కన 1996లో కట్టిన ఇల్లు, 140 చదరపు మీటర్లు. 2023లో గ్యాస్ బాయిలర్ తీసేసి, బయటి గాలి నుంచి వేడి లాగే హీట్ పంపు పెట్టించాం. కప్పు మీద 9.8 కిలోవాట్ల ప్యానెళ్ళున్నాయి. ఏడాది లెక్క చూస్తే బ్రహ్మాండంగా ఉంది. ప్యానెళ్ళు 9,700 యూనిట్లు ఇచ్చాయి, హీట్ పంపు 4,700 వాడింది, మిగతా ఇల్లు 3,200. అంటే మిగులే.

కానీ జనవరి ఒక్క నెలలో హీట్ పంపు 900 యూనిట్లు తాగింది. ప్యానెళ్ళు ఇచ్చింది 280. బయట నుంచి 950 దాకా కొన్నాం, యూనిట్ 34 సెంట్లు. గుంటూరులో సోలార్ పని చేసే మా బావ కిలోవాటుకు రోజుకు 4 యూనిట్లు అని చెప్పాడు. ఆ లెక్కన రోజుకు 39 రావాలి, వచ్చింది 9. గరాజ్ కప్పు మీద ఇంకో 6 కిలోవాట్లు వేయించాలా, 15 యూనిట్ల బ్యాటరీ కొనాలా? ఇంట్లో రోజూ ఇదే చర్చ.

ఉత్తరగాలి (హాంబర్గ్):
ప్యానెళ్ళే వేయించండి. 2023 నుంచి ఇళ్ళ సోలార్ మీద అమ్మకం పన్ను సున్నా, ప్యానెళ్ళ ధరలూ బాగా దిగాయి. మబ్బు పట్టిన రోజున 10 కిలోవాట్ల కంటే 16 కిలోవాట్లు ఒకటిన్నర రెట్లు ఇస్తాయి కదా. జనవరి సంగతి వదిలేయండి. మార్చి, ఏప్రిల్, అక్టోబరు నెలల్లో హీట్ పంపు పగలంతా మీ కప్పు మీది కరెంటుతోనే నడుస్తుంది.

నెక్కార్ లోయ (స్టుట్‌గార్ట్):
అయ్యా, ఆయన అడిగిందే జనవరి గురించి. దాన్నెలా వదిలేస్తాం?

మీ బావగారి లెక్క గుంటూరుకు సరైనదే. డిసెంబరు 21 మధ్యాహ్నం అక్కడ సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఉల్మ్‌లో 18 డిగ్రీలే, పగలు ఎనిమిది గంటల పైన కాస్త. దానికి తోడు డాన్యూబ్ నది పొగమంచు. ఏడాది మొత్తాన్ని పన్నెండుతో భాగించి చూడకండి, ఇక్కడ సోలార్‌కు సగటు నెల అనేది లేదు. పీవీజీఐఎస్ అని యూరోపియన్ కమిషన్ వాళ్ళ ఉచిత సైటుంది, అందులో మీ ఊరు, కప్పు వాలు పెడితే నెలవారీగా చూపిస్తుంది.

మీ లెక్క ప్రకారమే జనవరిలో కిలోవాటుకు 28 యూనిట్ల పైచిలుకు వచ్చాయి. కొత్త 6 కిలోవాట్లు ఇచ్చేది మహా అయితే 170. వేసవిలో మిగిలేదంతా యూనిట్ దాదాపు 8 సెంట్లకు గ్రిడ్‌కు పోతుంది. బ్యాటరీ అయితే అసలు వద్దు. జనవరిలో రోజుకు 9 యూనిట్లు వస్తుంటే, ఇల్లూ పంపూ కలిసి 39 వాడుతుంటే, అది నిండేదెప్పుడు?

ముందు ఒక్క విషయం చెప్పండి. గదుల్ని వెచ్చబెట్టే రేడియేటర్లలోకి నీళ్ళు ఎన్ని డిగ్రీల వేడితో వెళ్తున్నాయి?

డాన్యూబ్ ఒడ్డు:
బయట సున్నా ఉన్నప్పుడు 52. పెట్టినవాళ్ళు అలాగే వదిలేసి వెళ్ళారు.

నెక్కార్ లోయ:
నాకు బాధ కలిగించేది ఇదే. వేలకు వేలు పోసి మిషన్ పెట్టిస్తారు, దాని హీటింగ్ కర్వ్, అంటే బయట ఎంత చలి ఉంటే నీళ్ళు ఎంత వేడెక్కాలో చెప్పే సెట్టింగ్, మాత్రం ఎవరూ ముట్టుకోరు. నీటి వేడి ఒక్క డిగ్రీ తగ్గిస్తే కరెంటు 2 నుంచి 2.5 శాతం తగ్గుతుంది. 52 నుంచి 42కి దించితే 900లో 200 యూనిట్ల దాకా పోతాయి, పైసా ఖర్చు లేకుండా. గదుల్లో థర్మోస్టాట్లన్నీ పూర్తిగా తెరవండి, రాత్రి ఆపకుండా సన్నగా నడవనివ్వండి. పాత ఇళ్ళలో గాలి హీట్ పంపులను ఫ్రాన్‌హోఫర్ అనే జర్మన్ పరిశోధనా సంస్థ కొలిస్తే, ఒక యూనిట్ కరెంటుకు సగటున 3.1 యూనిట్ల వేడి వచ్చింది. మీది అంతకన్నా తక్కువే ఇస్తోందని నా అనుమానం. చలి ఎక్కువైనప్పుడు పంపుకు తోడుగా వేసుకునే హీటింగ్ రాడ్ ఒకటుంటుంది, అది ఎన్ని గంటలు నడిచిందో కూడా మెనూలో చూడండి.

ఉత్తరగాలి:
42తో పాత రేడియేటర్లు ఇల్లు వెచ్చబెట్టలేవు, పిల్లలున్న ఇంట్లో ప్రయోగాలెందుకు? బ్యాటరీని అలా కొట్టిపారేయకండి. 2025 నుంచి ప్రతి కరెంటు కంపెనీ గంట గంటకూ మారే ధరల ప్లాన్ ఇవ్వాలి. రాత్రి చవగ్గా నింపుకుని సాయంత్రం వాడుకోవచ్చు.

నెక్కార్ లోయ:
చవక రాత్రులు గాలి వీచి గాలిమరలు బాగా తిరిగినప్పుడే వస్తాయి. 2024 డిసెంబరు 12 సాయంత్రం గాలీ లేదు, ఎండా లేదు. హోల్‌సేల్ ధరే యూనిట్ 90 సెంట్లు దాటింది. అలాంటి చలి రోజులు వరసగా వస్తే 15 యూనిట్ల బ్యాటరీ సగం రోజుకు కూడా చాలదు. రేడియేటర్ల గురించి మీరన్నది మాత్రం నిజమే, ఒకటి రెండు గదులు మొరాయించవచ్చు. ఆ గదుల్లో రేడియేటర్ మార్చుకుంటే సరిపోతుంది.

డాన్యూబ్ ఒడ్డు:
నిన్న రాత్రి కింద గదిలో మిషన్ ముందు కూర్చుని మెనూ అంతా తిరగేశాను. గుండె ఆగినంత పనైంది. రాడ్ జనవరిలో 41 గంటలు నడిచింది. అది 6 కిలోవాట్లది, అంటే 246 యూనిట్లు! మన ఊళ్ళో బకెట్లో పెట్టే రాడ్ లాంటిదే కదా, యూనిట్‌కు యూనిట్ వేడే ఇస్తుంది. బయట 2 డిగ్రీలకు దిగగానే రాడ్ వేసుకునేలా పెట్టి ఉంది. దాన్ని మైనస్ 8కి మార్చాను. నీటి వేడి 43కి దించాను.

డాన్యూబ్ ఒడ్డు (రెండు వారాల తర్వాత):
హీట్ పంపు ముందు రోజుకు సగటున 29 యూనిట్లు వాడేది, ఇప్పుడు 20. బయటి సగటు అప్పుడూ ఇప్పుడూ ఒక డిగ్రీ దగ్గరే. ఈ ఉదయం పంపు బయటి భాగం తనకు పట్టిన మంచును కరిగించుకుంటూ పది నిమిషాలు ఆవిరి కక్కి మళ్ళీ మామూలుగా నడిచింది. అదే సమయానికి ప్యానెళ్ళ మీద నాలుగు వేళ్ళ మందాన మంచు, యాప్‌లో సున్నా. హాల్లో 21 ఉంది. తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్యగారి గదిలో మాత్రం 19 దాటలేదు. పాపం, స్వెటర్ మీద శాలువా కప్పుకుని పడుకుంటున్నారు.

ఉత్తరగాలి:
తగ్గుదల బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ గరాజ్ కప్పు ఖాళీగా వదలకండి, మార్చి రానివ్వండి.

డాన్యూబ్ ఒడ్డు:
మార్చిలో చూస్తానండీ. ముందు అత్తయ్యగారి గది. అక్కడున్నది సన్నటి ఒంటి పలక రేడియేటర్, టైప్ 11. అదే పొడవు, ఎత్తులో మూడు పలకల టైప్ 33 పడుతుందా?

నెక్కార్ లోయ:
పడుతుంది, వేడి రెట్టింపు కంటే ఎక్కువే ఇస్తుంది. కానీ మందం 15 సెంటీమీటర్లు దాటుతుంది. కిటికీ గట్టు, మంచం రెండూ కొలిచి ఆర్డర్ పెట్టండి.