ఆర్కే బీచ్ గుర్రానికి జీను పట్టీ ఒరుపు

ప్రశ్న: బీచ్‌లో సవారీలకు తిప్పే గుర్రమండీ. ముందుకాలి మోచేయి వెనక, పట్టీ తగిలేచోట వెంట్రుకలు ఊడి చర్మం ఎర్రబడింది. మందపాటి ప్యాడ్ వేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. ప్యాడ్ మందమైతే జీను ఇంకా బిగుసుకుంటుంది. మానేదాకా జీను వెయ్యొద్దు, పాపం మూగజీవి. ఉప్పుగాలి, ఇసుక, చెమట కలిసి గరుకు కాగితంలా రాస్తాయి. రోజూ ఒళ్లూ పట్టీ మంచినీళ్లతో కడగండి, పూర్తిగా ఆరాకే కట్టండి. బిగించాక రెండు వేళ్లు దూరాలి. తర్వాత ముందుకాళ్లు ఒక్కొక్కటే ముందుకు లాగితే పట్టీ కింద చర్మం మడత విడిపోతుంది.

ఇంకో జవాబు: నైలాన్ పట్టీ కన్నా మెత్తటి నూలుది మేలు. జీను తీశాక వీపంతా తడిసి ఒకచోటే పొడిగా ఉంటే, అక్కడ జీను నొక్కుతూ ఉండొచ్చు. చీము పడితే పశువుల డాక్టరుకు చూపించండి.